మలుపు దగ్గర నాలుగడుగులు

కంచరపాలెం వెనక కొండ
మా ఆఫీసు మ్యాపులో వేలిముద్రలా ఉంటుంది.
గీతలు దగ్గరపడితే నిట్టనిలువని అర్థం,
పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.
రెండొందల పన్నెండు మెట్లు ఎక్కాక గానీ
ఆ జవాబు నా మోకాళ్ళకి అర్థం కాలేదు.

నేను వార్డు ప్లానింగ్ సెక్రటరీని.
చేతిలో ముప్పై మీటర్ల టేపు,
సంచీలో ఫారాల కట్ట:
మీ వీధికి ఏం కావాలో ప్రాధాన్యతా క్రమంలో రాయండి.
కింద మూడే గళ్ళు.

రేషన్ డిపో అరుగు మీద సభ.
కార్పొరేటర్ గారు వస్తూనే ఉన్నారు, ఫోన్లో.
కుర్రాళ్ళు జిమ్ము అడిగారు.
ఎవరో కమ్యూనిటీ హాలు అన్నారు.
దానికి రెండొందల గజాలు చదునుగా ఉండాలి,
ఇక్కడ చదును అంటే
ఒక నులకమంచం, దాని కింద ఒక కోడి.
కుళాయి రోజు మార్చి రోజు కాదు, రోజూ రావాలన్నారు.
ఆరేసిన బట్టల మీద రేవు బొగ్గుపొడి పడకుండా
ఏమైనా కట్టగలరా అని ఒకామె అడిగితే
అందరూ నవ్వారు, నేనూ నవ్వి
ఆ మాట రాసుకోలేదు.

అప్పుడు అసిరితల్లి లేచింది.
"మెట్లు మలుపు తిరిగే కాడ
నాలుగడుగులు ఎడం సెయ్యండి పాపా, సాలు."

ఎందుకమ్మా అన్నాను, పెన్ను ఎత్తకుండానే.
ఎవరూ మాట్లాడలేదు.
కింద రేవులో ఓడ ఒకటి పొడుగ్గా కూసింది.

"మా ఇంటాయన్ని దించిన నాడు
పాడె తిరగనేదు.
నిలబెట్టీసి దించినారు,
బీరువాని దించినట్టు."

తరవాత అందరికీ ఆ మలుపే గుర్తొచ్చింది.
నూకరత్నానికి నొప్పులొచ్చిన రాత్రి
స్ట్రెచర్ రోడ్డు మీదే ఆగిపోయింది,
ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి నలుగురు మోశారు,
కుర్చీ కాలు ఒకటి అక్కడే విరిగింది.
గ్యాస్ సిలిండరు మోసే కుర్రాడు
అక్కడే గోడకి ఆనుకుని భుజం మారుస్తాడు,
గోడ మీద వాడి చెమట
మనిషి ఆకారంలో ఉంది.

టేపు పట్టాను. రెండడుగుల తొమ్మిదంగుళాలు.
అటు లోయ, ఇటు పైడయ్య స్నానాలగది గోడ.
పైడయ్యకి పట్టా లేదు.
మ్యాపులో ఆ ఇల్లే లేదు.
లేని ఇంటి గోడ తీసి మళ్ళీ కట్టడానికి
అంచనా ఏ పద్దులో రాయాలి?
ఇంజనీరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు:
మెట్లు రోడ్డు కింద రావు,
కాలువ అని రాయమ్మా, కాలువకి డబ్బులున్నాయి.

కాలువ అని రాశాను.
కాలువ ఎక్కడుందో చూపించమని తిరిగొచ్చింది.
రక్షణగోడ అని రాశాను.
ఫోటోలు జతపరచమని తిరిగొచ్చింది.
కూరగాయలకి దిగినప్పుడల్లా అసిరితల్లి అడుగుతుంది.
ఇంజనీరు గారి బల్ల మీదుందమ్మా అంటాను.
"ఆ బల్ల కాడా మలుపు ఇరుకేటి పాపా?"

నిన్న ఫోటో కోసం మళ్ళీ ఎక్కాను.
పైడయ్య గోడ లేదు.
ఇటుకలు ఒకదాని మీద ఒకటి, విరగనివి విడిగా, పేర్చి ఉన్నాయి.
స్నానాలగదికి నీలం టార్పాలిన్ చుట్టి
రెండు వైపులా తాడుతో బిగించాడు.
వాళ్ళ కోడలు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.
"వానలు రాకముందే అవుతాది గదా" అన్నాడు,
అడిగినట్టు కాదు, నాకు ధైర్యం చెప్పినట్టు.

టేపు పట్టాను. అయిదడుగుల చిల్లర.
ఫారంలో ఒక గడి: ప్రస్తుత వెడల్పు.
ఉన్నది రాస్తే, ఇంక పని అవసరం లేదంటారు,
ఈ మనిషి గోడ టార్పాలిన్‌గానే ఉండిపోతుంది.
పాతది రాస్తే, కింద నా సంతకం.

మెట్టు మీద కూచున్నాను.
గ్యాస్ కుర్రాడు నా పక్కనుంచే ఎక్కిపోయాడు,
ఆగకుండా, భుజం మార్చకుండా.
పెన్సిల్ ముల్లు మళ్ళీ చెక్కుకున్నాను.